బంటు చేతిలో తాళంచెవులు

సీజన్ అయిపోయిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాసనంటే ఏజెంట్ గిరిప్రసాద్‌కు అసహ్యం. జూలైలో కడిగి బోర్లించిన డ్రమ్ములు అక్టోబరులో కూడా పులిసిన కంపు కొడుతూనే ఉంటాయి. అయినా చిత్తూరు శివార్లలోని ఆ ఫ్యాక్టరీకి నెలకోసారి రాక తప్పదు. బయట బోర్డు మీద నవ్వుతున్న మామిడిపండు బొమ్మ. లోపల, కోల్డ్ స్టోరేజీ వెనకాల, గూఢచారి శాఖ దక్షిణ తీర విభాగం. ఆ సంగతి ప్రపంచంలో పన్నెండు మందికి మించి తెలియదని గిరిప్రసాద్ నమ్మకం. ఆ మధ్యాహ్నం దాకా నమ్మాడు.

చీఫ్ పంకజాక్షి బల్ల మీద ఫైలు లేదు. ఆవిడ ఫైలు లేకుండా మాట్లాడుతున్నదంటే కేసు ముదిరిందని లెక్క.

"ఈ పొద్దు ఏం పండగప్పా?"

"మహర్నవమి మేడమ్. ఆయుధపూజ."

"పులికాట్ సరస్సులో ఎన్ని పడవలు తిరుగుతాయి ఈ పొద్దు?"

"ఒక్కటీ తిరగదు. వలలకూ పడవలకూ పూజ చేసి పెట్టుకుంటారు. రేపు దశమి దాకా నీళ్ళలోకి దింపరు."

"ఒకటి తిరుగుతాది. క్రౌస్‌ది."

క్రౌస్ ఐరోపావాడు. ఫ్లెమింగో పక్షుల ఫోటోలు తీస్తానని చెప్పి నాలుగేళ్ళుగా సూళ్ళూరుపేటలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నాడు. ఆ నాలుగేళ్ళలో ఏ పత్రికకూ ఒక్క ఫోటో పంపిన పాపాన పోలేదు. మోకాళ్ళ దాకా బూట్లు, మెడలో కెమెరా, నోట్లో వచ్చీరాని తెలుగు. వాడి వెనక ఉన్న ముఠాను ఏ దేశం మేపుతున్నదో శాఖకు తెలుసు. పైకి అనడానికి మాత్రం అనుమతి లేదు.

"సాయంత్రం నాలుగింటికి సముద్రంలో ఒక ఓడ ఆగతాది," అంది పంకజాక్షి. "దాంట్లోంచి పేలుడు సామాను క్రౌస్ పడవలోకి దిగతాది. యాడ దిగతాదో తెలీదు. మన మూడు రాడార్లు చూసి చెప్పినాకనే గస్తీ బోట్లు పోవాల. అయితే సరిగ్గా నాలుగింటికి ఆ మూడు రాడార్లూ నిద్రపోతాయంట."

"ఎవరు చెప్పినారు?"

"భానుశ్రీ. చెన్నై నుంచి వచ్చిన సెక్యూరిటీ ఆడిటర్. ఆమె తన మనిషని క్రౌస్ అనుకుంటా ఉండాడు. నా మనిషని నేను అనుకుంటా ఉండాను. ఆమె ఏమనుకుంటా ఉండాదో దేవుడికే తెలియాల."

గిరిప్రసాద్ అసలు సంగతి అడిగాడు. "క్రౌస్ పడవ నడిపేది ఎవరు?"

"చిన్నబ్బ అని ఒకడు. మన సునీల్‌కుమారే."

సునీల్‌కుమార్‌కు ఇరవై ఆరేళ్ళు. తుపాకీ పట్టడం, గడ్డం అతికించుకోవడం, అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళార్పకుండా ఉండడం, అన్నీ గిరిప్రసాద్ నేర్పినవే. పడవ నడపడం మాత్రం వాడే నేర్చుకున్నాడు. క్రౌస్ దగ్గర ఇంతకు ముందు పనిచేసిన పడవవాడు జూలైలో రెల్లుగడ్డిలో శవమై తేలాడు. సామాను దిగాక పడవవాళ్ళను ఉంచుకోవడం క్రౌస్‌కు అలవాటు లేదు. రాడార్లు పనిచేస్తే గస్తీ బోట్లు సమయానికి వస్తాయి, కుర్రాడు బతుకుతాడు. నిద్రపోతే లేదు. సరస్సు మధ్యలో సెల్ సిగ్నల్ కూడా ఉండదు, క్రౌస్ ల్యాప్‌టాప్‌కు మాత్రం శాటిలైట్ లైను ఉంది.

"రాడార్ కంప్యూటర్ల మెయింటెనెన్స్ ఎవరిది?"

"తిరుపతిలో పంచలోహ సిస్టమ్స్ అని ఒక కంపెనీ. టెండర్‌లో వచ్చింది. వాళ్ళ దగ్గర బంటు అని ఒక ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ ఉండాదంట. మనిషి చెయ్యి పడకుండా అదే ప్రతి మిషన్‌లోకి లాగిన్ అయి, ఆపేవి ఆపతాది, నడిపేవి నడపతాది."

"అట్లయితే అన్ని మిషన్ల పాస్‌వర్డ్‌లూ దాని దగ్గర ఉండాల గదా. యాడ దాస్తాది?"

"అది సూసొచ్చేదానికే నిన్ను పిలిచింది," అంది పంకజాక్షి. "భానుశ్రీని కలిస్తే 'గూడూరు నిమ్మకాయలు ఈసారి దొడ్డుగా ఉండాయి' అను. 'రసం మాత్రం లేదు' అంటాది."

*

రెండు దాటాక తిరుపతి బైపాస్ రోడ్డులో ఒక అంబాసిడర్ ఆగింది. అందులోంచి యూపీఎస్ బ్యాటరీల మెకానిక్ దిగాడు. ఖాకీ చొక్కా, గోళ్ళలో గ్రీజు, చంకలో సంచి. ఆ సంచిలో శాఖ స్టోర్స్ నుంచి సంతకం పెట్టి తెచ్చుకున్న సరంజామా ఉంది: కెమెరా దాచిన పెన్ను, బెల్టులో ఇమిడే తాళాలు తీసే పుల్లలు, వేలిముద్రల తాళాన్ని మోసం చేసే రబ్బరు తొడుగు, నిద్రమందు సిరంజి. వాటిని వాడడంలో గిరిప్రసాద్‌ను మించినవాడు దక్షిణాదిలో లేడు.

పంచలోహ గుమ్మంలో కుంకుమ నింపి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ మీద కాలు జారి పడబోయాడు. వాచ్‌మన్ పట్టుకుని నిలబెట్టాడు. ఎవరు, ఎందుకు వచ్చావు అని అడగలేదు. చేతిలో బొరుగులూ బెల్లమూ పొట్లం పెట్టి, "లోపలికి పోన్నా, శనగలు కూడా ఉండాయి," అన్నాడు.

రిసెప్షన్‌లో పట్టుచీర కట్టుకున్న అమ్మాయి అటు తిరిగి పూలు సర్దుతోంది. గిరిప్రసాద్ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అన్నాడు.

"గూడూరు నిమ్మకాయలు ఈసారి దొడ్డుగా ఉండాయి."

"రసం మాత్రం లేదు," అంది ఆ అమ్మాయి గట్టిగా, నవ్వుతూ.

"భానుశ్రీ?"

"కాదన్నా, నేను హేమశ్రీ. రిసెప్షన్. భానుశ్రీ మేడమ్ సర్వర్ రూములో ఉండాది."

గిరిప్రసాద్ నోట్లో బొరుగులు అట్లాగే ఉండిపోయాయి. "మరి ఆ మాట నీకెట్లా తెల్సు?"

"మా ఆఫీసులో అందరికీ తెల్సన్నా. మీ వాళ్ళకు పొద్దున్నే పోయే కోడు మెసేజ్ పంపేది బంటే గదా. ఈ పొద్దు నిమ్మకాయలు. నిన్న మినపవడలు. మొన్నటిది ఒగటి బాగలేదు, నేనే కొంచెం మార్చినాను."

ఇరవై ఏళ్ళ సర్వీసులో గిరిప్రసాద్‌ను శత్రువులు కొట్టారు, కాల్చారు, ఒకసారి బావిలో పడేశారు. ఎప్పుడూ ఇంత అవమానంగా అనిపించలేదు. లోపలికి నడిచాడు.

సర్వర్ రూముకు వేలిముద్రల తాళం ఉన్న మాట నిజమే. సాంబ్రాణి పొగ పోవడానికి తలుపు సందులో ఇటుకరాయి పెట్టారు. గిరిప్రసాద్ సంచిలోని రబ్బరు తొడుగును ఒకసారి తలుచుకుని, ఇటుకను దాటాడు.

లోపల ప్రతి సర్వర్‌కూ పసుపు రాసి, మూడు బొట్లు పెట్టారు. కీబోర్డులన్నీ ఒక పీట మీద వరుసగా పేర్చి, పసుపుదారం చుట్టి, సరస్వతీదేవి పటం ముందు ఉంచారు. అరటిపిలకలు, అగరొత్తులు, ఒక మౌసు తోక దగ్గర అరటిపండుకు గుచ్చిన మరో అగరొత్తు. పంచె కట్టుకుని, నుదుట ఇంత కుంకుమ పెట్టుకున్న పెద్దమనిషి ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. కంపెనీ యజమాని తిరుమలయ్య.

"రాండి గిరిప్రసాద్ సార్, రాండి. ఈ వేషంలో గుర్తు పట్టలేకపోయినాను. బంటు దగ్గరుండే మీ ఫోటోలో మీసం ఉండింది గదా."

గిరిప్రసాద్ ఆ మూల నిలబడి ఉన్న మనిషిని చూశాడు. ఆకుపచ్చ కంచిపట్టు చీర, నెత్తిమీదికి తోసిన నల్లకళ్ళద్దాలు, ఒక చేతిలో శనగల దొన్నె, రెండో చేతిలో తెరిచి ఉన్న హ్యాండ్‌బ్యాగు. బ్యాగులో చిన్న పిస్తోలు నిగనిగలాడుతోంది. భానుశ్రీ అంత అందంగా ఉంటుందని చీఫ్ చెప్పలేదు. చెప్పి ఉంటే జాగ్రత్తగా వచ్చేవాడు.

"నిమ్మకాయల సంగతి వద్దులెండి," అంది ఆమె. "అది ఊరందరికీ తెలుసు. అటు చూడండి, మీకే అర్థమవుతుంది."

గోడ వైపు ఒక కంప్యూటర్ తెర వెలుగుతోంది. నిన్న సాయంత్రం పనులు ముగించి కీబోర్డులు పూజకు పెట్టినవాళ్ళు దాన్ని మూయడం మర్చిపోయారు. మామూలు నోట్‌ప్యాడ్. అందులో వరసలు వరసలుగా మిషన్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్. చుక్కలు లేవు, నక్షత్రాలు లేవు, ముసుగు లేదు. పచ్చి అక్షరాలు. దేశం తూర్పు తీరాన్ని కాపలా కాసే యంత్రాల తాళంచెవులు అంగట్లో వంకాయల్లా పరిచి ఉన్నాయి.

"ఎన్‌క్రిప్షన్ లేదా?" గిరిప్రసాద్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "రాసింది ఇంకొకడు చదవకుండా గజిబిజి చేసి పెట్టే ఏర్పాటు? ఇంత సాఫ్ట్‌వేర్‌లో అది పెట్టలేదా?"

"ఎందుకు లేదు సార్, భేషుగ్గా ఉండాది," అన్నాడు తిరుమలయ్య నొచ్చుకుంటూ. "కాకపోతే అది పెట్టుకుంటే బంటు పని మొదలుపెట్టే ముందర ఒగ మాస్టర్ పాస్‌వర్డ్ అడుగుతాది. అడిగితే ఎవరో ఒగరు కీబోర్డు ముట్టాల గదా. ఆయుధపూజ నాడు ముడతామా? అందుకని పోయినేడు పండక్కి తీసేసినాం. అంతా బంటే చూసుకునింది, ఒగ చెయ్యి కూడా పడలేదు. శానా బాగుంది సార్."

"పండగ అయినాక మళ్ళీ పెట్టలేదా?"

"మళ్ళీ ఏడాదికి పండగ వస్తాది గదా అని పెట్టలేదు."

గిరిప్రసాద్‌కు పొద్దున్నుంచీ ముక్కులో ఉన్న మామిడి కంపు ఇప్పుడు మనిషి రూపంలో ఎదురుగా నిలబడి నవ్వుతున్నట్టనిపించింది. శత్రువు గోడకు కన్నం వేస్తే కోపం వస్తుంది. కాపలావాడే గోడ పడగొట్టి, ఆ గుంటలో ముగ్గు వేసి చూపిస్తే ఏం రావాలి?

"నా బాధ ఎవరికి చెప్పుకోను?" అంది భానుశ్రీ. "మూడు నెలలు ప్లాన్ వేశాను. జడపిన్నులో కెమెరా, ఉంగరంలో మత్తుమందు. మొదటిరోజే ఈయన, 'ఆడిట్‌కు ఫైలు కావాల్నా మేడమ్? యాడికి మెయిల్ చేయమంటారు?' అన్నాడు. ఇంత నీచమైన పని నా జన్మలో చేయలేదు."

"క్రౌస్‌కు పంపినావా?"

"పొద్దున పంపాను. పంపకపోతే వాడికి అనుమానం వస్తుంది. ఎలాగూ మీ చీఫ్‌కు చెప్పాను గదా, పాస్‌వర్డులు మార్చేస్తారనుకున్నాను. ఇక్కడికొచ్చి చూస్తే ఇదీ వరస."

"మొత్తం ఫైలా? చదివినావా పంపే ముందర?"

"నాలుగు వేల వరసలు. ఎవరు చదువుతారు?"

గిరిప్రసాద్ తెర మీద కిందివైపు వేలు పెట్టాడు. మూడు రాడార్ల వరసల తరవాత ఇంకొకటి ఉంది. పడవ మోటారులో దాచిన, శాటిలైట్ మీద మాటలు వినిపించే మైకు, దాని యూజర్ పేరు, పాస్‌వర్డ్. పక్కనే ఎవరో శ్రద్ధగా వివరం రాశారు: 'పులికాట్ పడవ. సునీల్‌కుమార్ సార్. అక్కడ పేరు చిన్నబ్బ.'

"ఏది ఎవురిదో తెలియాల గదా సార్," అన్నాడు తిరుమలయ్య. "అందుకని పక్కన రాసుకునేది."

భానుశ్రీ చేతిలో దొన్నె వంగి శనగలు నేల మీద పడ్డాయి. "నేను మిషన్ల రహస్యాలు అమ్ముకుని బతుకుతాను," అంది. "ఇవతలకూ అమ్ముతాను, అవతలకూ అమ్ముతాను. మనిషిని మాత్రం అమ్మలేదు ఇంతవరకూ. ఆ ఫైలు వాడి ల్యాప్‌టాప్‌లో ఉంది. ఓడ కోసం కాచుకునేటప్పుడు వాడికి వేరే పనేముంటుంది? చదువుతూ కూర్చుంటాడు."

"నాలుగు గంటల సంగతి చెప్పు. త్వరగా."

"బంటులో నిన్ననే ఒక జాబ్ పెట్టాను. నాలుగు కాగానే అది మూడు రాడార్లలోకీ లాగిన్ అయి ఆపేస్తుంది. తరవాత క్రౌస్ ల్యాప్‌టాప్‌కు 'పని అయింది' అని మెసేజ్ పంపుతుంది. అది చూశాకే వాడు ఓడకు కబురు చేస్తాడు."

"ఆ జాబ్ తీసేస్తే?"

"మెసేజ్ వెళ్ళదు. క్రౌస్‌కు అనుమానం వస్తుంది. పడవలో పరాయివాడు ఒక్కడే ఉన్నాడు."

గిరిప్రసాద్ గడియారం చూశాడు. మూడున్నర దాటింది. ఏం చేయాలో తెలిసింది. రాడార్ల పాస్‌వర్డులు నాలుగు లోపల మార్చేయాలి, అప్పుడు జాబ్ తలుపు తట్టి వెనక్కి వస్తుంది. క్రౌస్‌కు వెళ్ళాల్సిన మెసేజ్ తామే పంపాలి. పీట మీది కీబోర్డు కోసం చెయ్యి చాచాడు.

తిరుమలయ్య అడ్డం పడ్డాడు. నవ్వు పోయింది. రెండు చేతులూ బార్లా చాపి పీట ముందు నిలబడ్డాడు.

"వద్దు సార్. దారం తెంపితే మాకు అరిష్టం. పునఃపూజ కానిది ముట్టకూడదు. మా తాత ఇనుప తక్కెళ్ళకు చేసినాడు, మా నాయన లారీలకు చేసినాడు. నేను తప్పను."

"ఒక పిల్లోడి ప్రాణం పోతాదయ్యా!"

"నా ప్రాణం తీయండి. ముట్టనీను."

భానుశ్రీ బ్యాగులో చెయ్యి పెట్టింది. గిరిప్రసాద్ వద్దని తల ఊపాడు. ఆ మనిషి కళ్ళు చూస్తే తెలుస్తోంది, పిస్తోలుకు కదలడు. పాస్‌వర్డులు ఊరంతా పంచిపెట్టినవాడికి, పసుపుదారం మాత్రం ప్రాణంతో సమానం. గిరిప్రసాద్ గోడకున్న క్యాలెండర్ దగ్గరికి పరిగెత్తాడు. తేదీ గడిలో చిన్న అక్షరాలు వెతికాడు.

"తిరుమలయ్యా! నవమి ఎంత దాకా?"

"పండగ ఈ పొద్దంతా సార్."

"పండగ కాదు, తిథి. సూడు ఈడ. నవమి మధ్యాహ్నం మూడు ఇరవై దాకా. ఇప్పుడు నడస్తా ఉండేది దశమి. పునఃపూజ దశమికే గదా చేసేది?"

తిరుమలయ్య క్యాలెండర్ దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో తడుముతూ చదివాడు. గిరిప్రసాద్ ఆ వేలిని చూస్తూ పళ్ళు కొరుకుతున్నాడు. పెద్దమనిషి మొహం మెల్లగా విచ్చుకుంది.

"దశమే సార్! అయ్యో, వచ్చేసిందే! హేమా, కర్పూరం తీసుకురా!"

"హారతి లేకుండా కుదరదా?"

"ఒగ్గ హారతి సార్. ఒగ్గటే."

ఆ ఒక్క హారతి గిరిప్రసాద్ జీవితంలో అతి పొడవైన హారతి. గంట మోగింది, కర్పూరం తిరిగింది, తిరుమలయ్య ఆ తల్లిని మూడుసార్లు క్షమించమని అడిగాడు. తరవాత దారం తెంపి, కీబోర్డు కళ్ళకద్దుకుని, కూర్చున్నాడు. కూర్చున్నాక మాత్రం వేళ్ళు పరిగెత్తాయి.

"వేనాడు రాడార్ మార్చేసినా సార్. తడ రాడార్ కూడా అయిపోయింది. ఇరకం లైను మెల్లగా ఉండాది, దీవి గదా."

గిరిప్రసాద్ పక్క కంప్యూటర్‌లో భానుశ్రీ పెట్టిన జాబ్‌ను తెరిచాడు. అది కూడా నోట్‌ప్యాడే. మెసేజ్ ఎక్కడికి పంపాలో చెప్పే వరసలో క్రౌస్ ల్యాప్‌టాప్ చిరునామా ఉంది. దాని పక్కన వాడి యూజర్ పేరు, పాస్‌వర్డ్. పచ్చి అక్షరాలు.

"ఇది వాడు ఎట్లా ఇచ్చినాడు?"

"బంటు అడిగింది," అంది భానుశ్రీ. "అది నింపకపోతే జాబ్ ఒప్పుకోదు. క్రౌస్ ఇంటి తాళం వారానికోసారి మారుస్తాడు. నీళ్ళు కూడా కుక్కకు పోసి చూశాక తాగుతాడు. ఇది మాత్రం ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పాడు."

ఆమె జరిగి కూర్చుని ఆ పాస్‌వర్డ్ కొట్టింది. క్రౌస్ ల్యాప్‌టాప్ తలుపు తెరుచుకుంది. గిరిప్రసాద్ పడవ మైకును స్పీకర్‌కు కలిపాడు. మోటారు చప్పుడు, నీళ్ళ చప్పుడు, దాని మీద క్రౌస్ గొంతు.

"చిన్నబ్బా. 'తడ' అనగా ఏమిటి?"

"ఊరు సార్. రోడ్డు మింద ఉండాదే, అది." సునీల్ గొంతు. నిదానంగా, మొద్దుగా, అచ్చం పడవవాడిలాగే.

భానుశ్రీ గిరిప్రసాద్ చెయ్యి పట్టుకుంది. "చదువుతున్నాడు. రాడార్ల వరసల్లో ఉన్నాడు."

"'వేనాడు' అనగా?"

"దీవి సార్."

తెర మీద ఆ వరసలు గిరిప్రసాద్ కళ్ళ ముందు ఉన్నాయి. తడ. వేనాడు. ఇరకం. దాని కిందే సునీల్‌కుమార్.

"ఇరకం ఏమయింది తిరుమలయ్యా?"

"తిరగతా ఉండాది సార్. ఇంకా రాలా."

మెసేజ్ ఇప్పుడు పంపితే ఓడ వచ్చేస్తుంది. ఆ లోపల ఇరకం పాస్‌వర్డ్ మారకపోతే నాలుగింటికి జాబ్ దాన్ని ఆపేస్తుంది. ఓడ ఇరకం వైపు నుంచి వస్తే ఎవరికీ కనపడదు. పంపకపోతే క్రౌస్ కన్ను ఇంకో రెండు వరసలు కిందికి దిగుతుంది.

"'ఇరకం'?" అన్నాడు క్రౌస్.

"అదీ దీవే సార్. ఆడ చేపలు బాగా పడతాయి. సుక్కాని సూసుకోవాల, మాట్లాడించొద్దు సార్."

"ఇంకొకటి మాత్రమే. ఇచట ఒక మనిషి పేరు..."

"కొట్టు!" అన్నాడు గిరిప్రసాద్.

భానుశ్రీ కొట్టింది. స్పీకర్‌లో టింగుమని చప్పుడు వినిపించింది. క్రౌస్ ఆగాడు. కుర్చీ కిర్రుమంది. తరవాత వాడి భాషలో ఒక కేక, అది సంతోషమని ఎవరికైనా తెలుస్తుంది. రేడియో తీసి ఓడకు కబురు చేస్తున్నాడు.

భానుశ్రీ వాడి ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలును వెతికి, తుడిచి, చెత్తబుట్టలోంచి కూడా తుడిచింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

"చిన్నబ్బా, తూర్పునకు నడుపుము," అన్నాడు క్రౌస్. "ఇరకం దగ్గరకు."

గిరిప్రసాద్, భానుశ్రీ ఒకేసారి తిరుమలయ్య తెర వైపు తిరిగారు. గోడ గడియారం ముల్లు పన్నెండు మీదికి ఎక్కుతోంది. తిరుమలయ్య పెదాలు గోవింద నామాలు చెబుతున్నాయి. తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"మారింది సార్!"

అదే క్షణంలో బంటు నిద్రలేచింది. వేనాడు తలుపు తట్టింది, పాస్‌వర్డ్ తప్పు. తడ, తప్పు. ఇరకం, తప్పు. బంటు మూడు తప్పులూ బుద్ధిగా రాసుకుని, మళ్ళీ పడుకుంది. రాడార్లు మూడూ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

అరగంట తరవాత స్పీకర్‌లో సైరన్లు మోగాయి. కేకలు, నీళ్ళలో ఏదో దభేలుమని పడిన చప్పుడు, ఒక తుపాకీ పేలుడు. గిరిప్రసాద్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత మైకు దగ్గరగా ఎవరో వంగారు.

"సార్, వింటా ఉండారా? ఓడ దొరికింది. వీడు నీళ్ళలోకి దూకినాడు, బూట్లు బరువై మునగతా ఉంటే నేనే జుట్టు పట్టి లాగినాను. నాకేం కాలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అంతే."

గిరిప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరూ చూడలేదనుకుని తుడుచుకున్నాడు గానీ, హేమశ్రీ చూసి, శనగల దొన్నె తెచ్చి ముందు పెట్టింది.

ఆ హడావుడిలో భానుశ్రీ ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. ఆపేవాడెవడూ లేడు కదా. రిసెప్షన్ గోడకు ఫ్రేము కట్టి వేలాడదీసిన ఆడిట్ సర్టిఫికెట్ మాత్రం లేదు. 'భద్రత: అత్యుత్తమం' అని పోయిన వారం ఆమే సంతకం పెట్టి ఇచ్చింది. దాన్ని ముక్కలు చేసి గుమ్మడికాయ చెక్కల్లో పారేసి పోయింది.

చీకటి పడేసరికి గిరిప్రసాద్ సూళ్ళూరుపేట చేరాడు. దుప్పటి కప్పుకుని వణుకుతున్న క్రౌస్ తల ఎత్తి ఒకటే ప్రశ్న అడిగాడు.

"నా పాస్‌వర్డ్ మీకు ఎట్లు తెలిసినది? ఎన్ని నెలలు కష్టపడితిరి?"

"కష్టం లేదు. తిరుపతిలో ఒక నోట్‌ప్యాడ్‌లో రాసి ఉండింది. బొట్టు కూడా పెట్టినారు."

క్రౌస్ నాలుగేళ్ళలో నేర్చుకున్న తెలుగంతా వెతుక్కుని, "ఛీ," అన్నాడు. ఆ ఒక్క విషయంలో గిరిప్రసాద్‌కు శత్రువుతో ఏ పేచీ లేదు.

మర్నాడు పొద్దున సునీల్‌కుమార్‌ను జీపులో ఎక్కించుకుని చిత్తూరు బయలుదేరాడు. దారిలో తిరుపతిలో టిఫిన్ తిన్నారు. కుర్రాడు మూడు దోసెలు తిని, మళ్ళీ పొంగలి తెప్పించుకున్నాడు. వాడు తింటుంటే చూడడం గిరిప్రసాద్‌కు హాయిగా ఉంది. రెండు రోజులుగా ముక్కును పట్టి ఉన్న కంపు వదిలినట్టనిపించింది. చేసిన పని ఎవరికీ తెలియదు, ఎవరూ పొగడరు, రేపు వేరే పేరుతో వేరే ఊరు. ఈ ఉద్యోగంలో ఉన్న గౌరవమంతా అదే అనుకున్నాడు.

లీలామహల్ సర్కిల్ దగ్గర జీపు ఆగింది. సునీల్‌కుమార్ తల బయట పెట్టి పైకి చూశాడు. చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు.

"సార్... మా నాయన సూస్తే సంపేస్తాడు. ఎరువుల కంపెనీలో పని అని సెప్పినాను."

గిరిప్రసాద్ కూడా చూశాడు. రెండు కరెంటు స్తంభాల మధ్య, ఇంకా రంగు వాసన పోని ఫ్లెక్సీ. మధ్యలో తన నిలువెత్తు బొమ్మ, మీసంతో. పక్కన చిన్న గుండ్రంలో పడవలో నిలబడ్డ సునీల్‌కుమార్. ఇంకో గుండ్రంలో చేతులు జోడించిన తిరుమలయ్య. 'శత్రు ఓడను పట్టించిన రహస్య గూఢచారి శ్రీ గిరిప్రసాద్ గారికి హార్దిక అభినందనలు. పంచలోహ సిస్టమ్స్.' అభినందించాలనుకునేవారి సౌకర్యం కోసం కింద చిత్తూరు ఫ్యాక్టరీ చిరునామా, అతని సెల్ నంబరూ వేశారు.

తిరుపతిలో అచ్చుతప్పు లేని ఫ్లెక్సీని గిరిప్రసాద్ ఇంతవరకూ చూడలేదు. దీంట్లో మాత్రం వెతికి వెతికి చూసినా ఒక్క తప్పు కూడా లేదు.